చేటెడు తవుడుకి వియ్యపురాలు

మా బంధువుల్లో ఒక కథ తిరుగుతోంది. కాబోయే అల్లుడి ఆస్తిపాస్తులు ఆరా తీయడానికి నేను శ్రీకాకుళం జిల్లా వెళ్ళాననీ, అక్కడ సముద్రం ఒడ్డున ఎవరో చేపలావిడతో గొడవ పడ్డాననీ, చివరికి తవుడు మూట మోసుకుని తిరిగొచ్చాననీ. ఇందులో గొడవ ఒక్కటే నిజం. తవుడు నేను తీసుకురాలేదు, ఇచ్చి వచ్చాను. ఇక ఆస్తి సంగతంటారా, ఆ కుర్రాడికి సెంటు భూమి లేదని నాకు గుంటూరులోనే తెలుసు. తెలిసిన ముక్క తెలుసుకోవడానికి రైలెక్కేంత తీరిక నాకు లేదు.

జరిగింది ఇది. మా అమ్మాయి మాధురి హైదరాబాదులో తన ఆఫీసులోనే పనిచేసే కుర్రాణ్ణి చేసుకుంటానంది. టి. నాయుడు అని పరిచయం చేసింది. నేను కాలేజీలో సివిక్స్ చెప్పేదాన్ని, అడగకుండా ఉండలేను. "మీ వాళ్ళెవరు బాబూ?" అన్నాను. "అదే నేనూ వెతుక్కుంటున్నానండీ" అన్నాడు. వెటకారమేమోనని మొహం చూశాను. కాదు.

వాళ్ళది రాజాం దగ్గర పల్లె. బడిలో చేరిన ఏడే తల్లి పోయింది. తండ్రి హాస్టల్లో వేశాడు, కొన్నేళ్ళకు ఆయనా పోయాడు. ఊళ్ళో చిన్నాన్న ఉన్నాడు గానీ ఒక్క పండక్కి పిలిచింది లేదు, ఒక్క చొక్కా కుట్టించింది లేదు. సెలవులన్నీ ఖాళీ హాస్టల్లోనే. చిన్నప్పుడొకసారి ఆ చిన్నాన్నే అన్నాడట: "నిన్ను మీయమ్మ తవుడుకి అమ్మీసినాదిరా." తవిటినాయుడు అన్న పేరుని 'టి' చేసి దాచుకోవడం అప్పట్నుంచే. ఇప్పుడు ఇరవయ్యారేళ్ళొచ్చాయి. పెళ్ళిలో అబ్బాయి తరఫున పీటల దగ్గర కూర్చునే మనిషి ఒక్కరు కావాలి అతనికి. అద్దెకు తెచ్చుకున్న పెద్దమనిషి కాదు, తనవాళ్ళే కావాలి. చివరిసారిగా వెళ్ళి చిన్నాన్నని అడుగుతాననీ, కాదంటే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టేసి, ఇక జన్మలో 'మా ఊరు' అన్న మాట ఎత్తననీ అన్నాడు.

"అమ్మా, నువ్వు కూడా రా. నువ్వుంటే ఎవరూ మాట దాటేయలేరు" అంది మాధురి. పొగడ్తో తిట్టో తేల్చుకోకుండానే బయల్దేరాను. ఇది మొన్నటి మాటే, రెండువేల పదిహేడు మాఘమాసం.

విజయనగరం

రైలు దిగి మెట్లెక్కేసరికి ఒక వింత జరిగింది. గుంటూరులో మా ఇంట్లో "ఏంటండీ" అన్న కుర్రాడు ప్లాట్‌ఫారం మీద ఆటోవాడితో "ఏటి బావా, అంతెందుకవుతాది?" అన్నాడు. గొంతు కూడా ఒక మెట్టు దిగి హాయిగా కూర్చుంది. మా అమ్మాయి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "నువ్వు ఇలా కూడా మాట్లాడతావా?" అంటే సిగ్గుపడి మళ్ళీ 'ఏంటి'లోకి వచ్చేశాడు. నాకు కోపం వచ్చింది. మనిషి తన నోట్లో ఉన్న మాటకి సిగ్గుపడటమేమిటి? ఆ మాటే అన్నాను. దారి పొడుగునా ఇక 'ఏటి'లోనే మాట్లాడాలని షరతు పెట్టాను.

గంటస్తంభం దగ్గర ఒకావిడ బండి మీద ఇడ్లీ తిన్నాం. ప్లేటు పదిహేను రూపాయలు, గుంటూరు కంటే సగం ధర, రెండింతల మెత్తన. చట్నీ మాత్రం చప్పగా, నోటికి తగల్లేదు. నా మొహం చూసి బండి ఆవిడ నవ్వింది.

"ఎక్కడినుంచి తల్లీ?"

"గుంటూరు."

"అలాగా! మరి నాలిక్కేటి తెలుస్తాది, కాలిపోయుంటాది కదా."

నేను నోరు తెరిచే లోపు ఇంకో ఇడ్లీ వేసేసింది, లెక్కలో రాయకుండా. నాతో నోటికి నోరు సమానంగా మాట్లాడి పైగా కొసరు పెట్టిన మనిషిని నేను మా ఊళ్ళో చూడలేదు.

రాజాం బస్సులో

రాజాం వెళ్ళే బస్సులో నా చెప్పు తెగింది. పక్క సీటులో ఉన్నావిడ అడక్కుండానే తన జాకెట్టు పిన్నీసు తీసి చెప్పుకి గుచ్చింది. ఆ సాయానికి బదులుగా మా మొత్తం చరిత్ర రాబట్టింది. ఎవరు, ఎక్కడ, ఎన్ని పెళ్ళిళ్ళు చేశాను, మా ఆయన తాగుతాడా. చివరికి నాయుడి వంతు వచ్చింది.

"నీ పేరేటి బాబూ?"

"నాయుడు."

"నాయుళ్ళు బస్సునిండా ఉన్నారు. పేరు సెప్పు."

"తవిటినాయుడు" అన్నాడు, కిటికీలోకి చూస్తూ.

"ఒలమ్మా! మా పెద్దోడూ తవిటినాయుడే. మా మరిది కూతురు తవిటమ్మ. మా ఈధిలో రాయిసిరితే తవుడికే తగులుతాది."

నేనుండబట్టలేక అడిగేశాను. "తవుడుకి అమ్మేశారని పెట్టే పేరు కదమ్మా అది? కన్నబిడ్డని అమ్మడమేమిటి?"

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. "అమ్మీడమేటి తల్లీ, దొంగాట! ముందు పుట్టినోళ్ళు నిలవకపోతే, తరవాతోడ్ని సేటలో పెట్టి పరాయి మనిసికి ఇచ్చీసి, మళ్ళీ సేటెడు తవుడిచ్చి కొనుక్కుంటారు. ఆడు మనోడు కాడు, తవుడుకొచ్చినోడు అనుకుని యముడు ఆడి జోలికి రాడు. యముడికి తెలివి తక్కువ మరి."

బస్సంతా నవ్వింది. నాయుడు నవ్వలేదు. మాధురితో చిన్నగా అన్నాడు: "చిన్నప్పుడు హాస్టల్లో మా ప్రాంతం వాళ్ళెవరూ లేరు. తర్వాత పేరే దాచుకున్నాను. నాకీ మాట ఎవరూ చెప్పలేదు."

గుంటూరులో మేమూ పిల్లలు నిలవకపోతే పుల్లయ్య, పెంటయ్య అని పేర్లు పెడతాం. కానీ మాది పేరుతో సరి. వీళ్ళు బేరం కూడా ఆడతారని తెలియదు.

చిన్నాన్న గారి అరుగు

రాజాం బజారు మా తెనాలి బజారులా ఉంది: బంగారం కొట్లు, కాలేజీల బోర్డులు, వాటి మధ్య ధాన్యం బస్తాల లారీలు. అక్కణ్ణుంచి ఆటోలో పల్లె. చిన్నాన్న రామినాయుడు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. నాకు కుర్చీ వేశాడు, మాధురికి మంచినీళ్ళిప్పించాడు. నాయుడి వైపు మాత్రం చూడలేదు. గోడతో మాట్లాడినట్టు "దారిలో ఇబ్బంది నేదు కదా" అన్నాడు.

భోజనానికి కూర్చున్నాం. కంద-బచ్చలి కూరలో ఆవ ఘాటు ముక్కుకెక్కింది. పులుసులో బెల్లం పడింది. మేమైతే పులుసులో బెల్లం వేసినవాళ్ళ మీద కేసు పెడతాం, కానీ రెండోసారి పోయించుకున్నాను. పిన్ని పైడమ్మ నాకు, మా అమ్మాయికి కొసరి కొసరి వడ్డించింది. నాయుడి విస్తరి దగ్గరకొచ్చేసరికి గిన్నె కింద పెట్టేసి, "నువ్వు వొడ్డించమ్మా" అంది మాధురితో.

ఇక నా వల్ల కాలేదు.

"ఏమమ్మా, అతని విస్తట్లో మీ చెయ్యి పడితే మైలా? ఇన్నేళ్ళకు గుమ్మంలోకొచ్చిన పిల్లాడు. మీ మొహం చూడటానికి కాదు, పెళ్ళిలో ఒక్క పూట పక్కన కూర్చోమని అడగడానికొచ్చాడు. ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. ఈ నాటకమెందుకు?"

పైడమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. రామినాయుడు కండువా దులిపి భుజాన వేసుకుని, మొదటిసారి నావైపు తిరిగాడు.

"అమ్మా, తమరు సదువుకున్నోళ్ళు, మీరు తిడితే పడతాను. ఈడు నావోడయితే నెత్తిన పెట్టుకుందును. ఈడింకా సేపల నూకమ్మ కొడుకు. మా వొదిన ఈడ్ని అమ్మినాది గానీ తిరిగి కొనుక్కోనేదు. కొనకుండానే పోనాది."

"అయితే?"

"అయితే ఏటేటమ్మా? కొనుక్కోనోడ్ని మావోడని పిలిసి, బట్టలెట్టి, బువ్వ పెడితే, ఆ పైవోడు సూడ్డా? ఈడి ముందు ముగ్గురు పోనారు. ముగ్గుర్నీ నా సేతుల మీదే..." అని రెండు చేతులూ చాపి, మాట పూర్తి చేయకుండా మళ్ళీ కండువాలో దాచుకున్నాడు.

అంటే ఇన్నేళ్ళూ వాళ్ళు పిలవకపోవడం ఆ పిల్లాడు బతకాలని. ఆ పిల్లాడేమో తననెవరూ కోరుకోలేదని హాస్టల్ గోడల మధ్య పెరిగాడు. మూఢనమ్మకం అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ముగ్గురు పసివాళ్ళని మోసిన చేతుల ముందు ఆ మాట అనడానికి నోరు రాలేదు. అక్కడ ఊరుకున్నాను. మాధురి దీన్ని చరిత్రలో రాసుకోమంది.

"మరి ఆ నూకమ్మ?" అన్నాను.

కోతలయ్యాక ఏటా సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడు నుంచి నౌపడ వచ్చి రైలెక్కి, చీపురుపల్లిలో దిగి, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఈ ఊళ్ళన్నీ తిరిగి, చేపలకి ధాన్యం కొలిపించుకుని వెళ్ళేదట. వీళ్ళింట్లోనే బస. నాయుడు పుట్టిన రోజున చేటలోంచి ఎత్తుకున్న పరాయి మనిషి ఆవిడే. వదినగారు పోయాక పైడమ్మ తవుడు పట్టుకెళితే, "తల్లి రావాల, లేదంటే తల్లి వరసైనోళ్ళు రావాల. నువ్వు ఆడి బాబు తరపుదానివి, నీకివ్వను" అందట. తల్లి వైపు మనుషులెవరూ మిగల్లేదు.

పైడమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నాయుణ్ణి అడిగింది. "హాస్టలుకి ఏటా ఎండుసేపల పొట్లం వచ్చీది కదా. ఎవులు పంపినారనుకున్నావు?"

"మీరే అనుకున్నా పిన్నీ. వాసనకి పిల్లలు గేలి చేసేవాళ్ళు. వంటాయనకి ఇచ్చేసేవాణ్ణి."

"మేమెలగ పంపుతాం? నూకమ్మ ఇచ్చీది. మీ సిన్నాన్న మోసుకొచ్చి గేటుకాడ ఇచ్చీసి ఎనక్కి తిరిగొచ్చీసీవోడు. నిన్ను సూస్తే ఉండలేడని."

నాయుడు విస్తరి ముందు తల వంచుకుని చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులతో నూకమ్మ మూడేళ్ళుగా రావడం లేదట. ఉందో లేదో కూడా వాళ్ళకి తెలియదు.

ఎచ్చెర్ల

మర్నాడు చిలకపాలెం మీదుగా ఎచ్చెర్ల. నాయుడు ఇక్కడి యూనివర్సిటీలోనే ఎం.సి.ఏ. చదివాడు. గేటెదురుగా ఒక చిన్న హోటలుంటే టీకి ఆగాం. హోటలావిడ గిన్నె తోముతూ తలెత్తి, "నువ్వు పండక్కి ఊరెల్లని కుర్రోడివి కదా?" అంది. కాలేజీ అంతా ఖాళీ అయిపోయిన రోజుల్లో ఇతనొక్కడి కోసం ఆవిడ పొయ్యి వెలిగించేదట. గారెలు పెట్టి, "మీ ఇంటోళ్ళా?" అని మమ్మల్ని చూపించింది.

"అవును" అన్నాడు నాయుడు. తడుముకోకుండా అన్నాడు. టీ గ్లాసు అడ్డం పెట్టుకుని నేను ఆ మాట విననట్టే ఉన్నాను గానీ, గారె ఇంకోటి అడిగాను.

మేం కూర్చున్న బల్లకెదురుగా హైవే. టెక్కలి బస్సులన్నీ ఆ రోడ్డు మీదే పోతాయి. గంటన్నర, రెండు గంటల దూరంలో నూకమ్మ. ఇక్కడ చదివినన్నాళ్ళూ ఆ బస్సుల్ని చూస్తూ టీ తాగాడు ఇతను. ఆ సంగతి మాధురి పైకి అనబోతే కాలు తొక్కాను. కొన్ని లెక్కలు ఎవరికి వాళ్ళే వేసుకోవాలి.

భావనపాడు

నౌపడ దగ్గర ఉప్పుమడులు. ఎండలో కుప్పలు కుప్పలుగా ఉప్పు, కళ్ళు చిట్లించకుండా చూడలేం. ఇంత ఉప్పు పండే చోట చట్నీ అంత చప్పగా ఎందుకు చేస్తారో విజయనగరం బండి ఆవిణ్ణి అడగాల్సింది. దాటాక గాలి మారింది. మాధురి ముక్కుకి చున్నీ కట్టుకుంది. ఆటో డ్రైవరు అద్దంలో చూసి, "రెండు దినాలుంటే అలవాటైపోతాది పాపా, మూడోనాడు అది నేకపోతే నిద్దర పట్టదు" అన్నాడు. నూకమ్మ ఉందా అని అడగడానికి నాయుడికి ధైర్యం చాలలేదు. నేనే అడిగాను.

"ఏ నూకమ్మ? నోరున్న నూకమ్మా?"

"అవునేమో."

"ఉండకేటి? యముడికి కూడా ఆయమ్మంటే హడలు."

ఇసుకలో వలలు పరిచి, వాటి మీద కవ్వళ్ళు చేపలు ఎండబోశారు. వెండి రేకులు పరిచినట్టు మెరుస్తున్నాయి. ఒక ముసలావిడ పీట మీద కూర్చుని, లేవకుండానే పొడుగుకర్రతో చేపల్ని తిరగేస్తోంది. కాకిని తిట్టిన గొంతుతోనే మమ్మల్నీ పలకరించింది.

"ఎవులు కావాల?"

"నూకమ్మ గారు" అన్నాడు నాయుడు.

"గారేటి గారు! బేంకోళ్ళా?"

"కాదు. రాజాం కాడి నుంచి. తవిటినాయుణ్ణి."

కర్ర ఆగింది. "ఇలగ రా. వొంగు." వంగాడు. కుడిచెవి పట్టి మెలేసి చూసింది. ఆ చెవికి చిన్న కుట్టు ఉంది. ఆఫీసులో అందరూ ఫ్యాషననుకుంటారు. "నాను కుట్టించిందే" అని చెవి వదలకుండానే అటు కేకేసింది. "ఒలే సీతా! నా రెండోవోడొచ్చినాడే!" ఆ వెంటనే వీపు మీద ఒక్కటేసింది. "ఇన్నేళ్ళు ఏటైపోనావురా గుంటడా? నాకంటే మోకాళ్ళు పోనాయి. నీకేటి పోనాయి?"

నాయుడు ఇసుకలో కూలబడి ఏడ్చాడు. భోరుమని, చిన్నపిల్లాడిలా. ఆవిడ అతని తల ఒళ్ళో పెట్టుకుని ఇంకో చేత్తో కాకిని అదిలిస్తూ, "అటు తిరిగి ఏడు. సేపలు తడుస్తాయి" అంది.

సొంత కొడుకు గుజరాత్ బోట్ల మీద పనికెళ్ళాడట. "పెద్దోడు గుజరాత్‌లో, రెండోవోడు పెద్ద సదువుల్లో అని ఊరంతా సెప్పుకుంటాను. ఈళ్ళెవులూ నమ్మరు, ఆ రెండోవోడ్ని సూపించమంటారు" అంది. పక్కింటి సీత, ఇంకో నలుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరి నాయుణ్ణి పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశారు. చేపలపులుసు వండారు. నేను చేప తిననంటే నూకమ్మ నిర్ఘాంతపోయింది.

"మరేటి తింటావు, గడ్డా?"

"కూరలు తింటాను."

"అదే, గడ్డి."

అయినా సీత నాలుగిళ్ళు తిరిగి నా కోసం తోటకూర సంపాదించింది. చేపలు తప్ప ఏమీ దొరకని చోట తోటకూర దొరికించడం ఎంత కష్టమో నాకు తెలుసు. సీతకి ఆ పూటే దణ్ణం పెట్టాను.

తిన్నాక అసలు మాట ఎత్తాను. "వైశాఖంలో పెళ్ళి. నువ్వొచ్చి తల్లి స్థానంలో కూర్చోవాలి."

"వస్తాను. గానీ గుంటడ్ని ముందు నన్నడగాల కదా."

"అడుగుతున్నానుగా."

"వుత్త సేతుల్తోనా?"

"చదువుకున్న కుర్రాణ్ణి తవుడుకి బేరం పెడతావా?"

"మీ గుంటూరులో మిరపకాయలికి బేరం ఆడతారు కదేటి? నా గుంటడు మిరపకాయకన్నా తక్కువా?"

గొడవ అంటే ఇదే. గంటసేపు సాగింది. నేను రాజ్యాంగం దాకా వెళ్ళాను. ఆవిడ సముద్రం దాకా వెళ్ళింది. చివరికి తేలింది ఏమంటే, తల్లి లేదు కాబట్టి తల్లి వరస మనిషి కొనాలి, అత్త అంటే తల్లి వరసే, కాబట్టి కొనాల్సింది నేను. అప్పుడే చిన్నాన్న వాళ్ళు భయం లేకుండా వాడి తల మీద అక్షింతలు వేయగలుగుతారు.

నాయుడు అప్పటిదాకా వింటున్నాడు. "అమ్మా, అమ్మేస్తే నువ్వు నాకేమవుతావు?" అన్నాడు.

నోరున్న నూకమ్మ కర్ర అందుకుని చేపల వైపు తిరిగింది. "ముందు తవుడు తెమ్మను" అంది.

టెక్కలి

తవుడంటే ఏముంది, ఎక్కడైనా దొరుకుతుందనుకున్నాను. టెక్కలిలో మొదటి మిల్లులో "లారీ లెక్కనే అమ్మా, నూనె ఫ్యాక్టరీకి ఎల్పోతాది" అన్నారు. రెండోచోట గేటే తీయలేదు. మూడో మిల్లులో గుమస్తా "ఎన్ని బస్తాలు?" అన్నాడు.

"చేటెడు."

"సేటెడా? ఏటమ్మా, గుంటడ్ని కొంటారా?"

"అవును."

అతని నవ్వు పోయింది. లేచి నిలబడ్డాడు. "ఎన్నాళ్ళవాడు తల్లీ?"

"ఇరవయ్యారేళ్ళు."

మిల్లంతా విరగబడి నవ్వింది. హమాలీలు బస్తాలు దించి మరీ నవ్వారు. కానీ ఆ గుమస్తా స్వయంగా జల్లెడ పట్టి, మెత్తటి తవుడు కొత్త సంచిలో పోసి ఇచ్చాడు. డబ్బు తీస్తే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "దీనికి తీసుకోకూడదమ్మా. నా పేరూ తవుడే."

ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని నేను ఆటోలో కూర్చున్నాను. ఉప్పుమడుల దగ్గర సముద్రపు గాలి సంచి మూతి విప్పేసింది. నా జుట్టు, చీర, కళ్ళజోడు, డ్రైవరు మెడ, అన్నీ తవుడే. మాధురి ఫోటో తీసింది. బంధువులు చూసింది ఆ ఫోటోనే.

మళ్ళీ భావనపాడు

నాయుడు ఫోను చేస్తే చిన్నాన్న, పిన్ని మర్నాడు పొద్దున్నే బస్సులు మారి వచ్చేశారు. వచ్చారు గానీ దగ్గరకు రాలేదు. రోడ్డు వారన నిలబడిపోయారు. "అయిపోయాక పిలవండి" అన్నాడు రామినాయుడు.

నూకమ్మ కొత్త చేటకి పసుపు రాసింది. నన్ను చూసి, "సగం నెత్తినేసుకొచ్చినావేటి?" అంది. నాయుడు చేటలో పట్టడు కాబట్టి కుడికాలు పెట్టించింది. మిగిలిన తవుడు నేను అతని పాదం చుట్టూ పోశాను. చెప్పాల్సిన మాటలు సీత అందించింది, నేనన్నాను: "నీ కొడుకుని నాకియ్యి. ఇదిగో తవుడు."

నూకమ్మ చేట వంక చూసింది. చాలాసేపు చూసింది. ఈ తంతు అయితే చిన్నాన్న దొరుకుతాడు, నూకమ్మ పోతుంది. కాకపోతే నూకమ్మ ఉంటుంది, ఆ ఇద్దరూ ఎప్పటికీ రోడ్డు వారనే ఉండిపోతారు. ఒకరికోసం వచ్చినవాడికి ఒకరిని వదులుకోవాల్సిన లెక్క పడింది. ఆ లెక్క తెచ్చి పెట్టింది నేను తవుడు పోసిన చేట.

ఆవిడ ఒక పిడికెడు తవుడు తీసి కొంగున ముడేసుకుంది. "ఇచ్చీసినాను. ఎల్లు, మీ సిన్నాన్న కాడికెల్లు" అంది.

రామినాయుడు పరిగెత్తుకొచ్చాడు. ఆ వయసు మనిషి ఇసుకలో పరిగెత్తడం తేలిక కాదు. నాయుణ్ణి పట్టుకుని, చంకలోని పొట్లం విప్పి కొత్త చొక్కా తొడిగాడు. కొలత తెలియక అందాజుగా కొన్నదట. భుజాల దగ్గర పట్టేసింది, గుండీలు పడలేదు. నాయుడు ఆ రోజంతా దాన్ని విప్పలేదు. పైడమ్మ తన చేత్తో అటుకులు కలిపి అతని నోట్లో పెట్టింది. ఒకసారి కాదు, గిన్నె ఖాళీ అయ్యేదాకా.

అప్పుడు నాయుడు నూకమ్మ వైపు తిరిగి, "మరి నువ్వు?" అన్నాడు.

"నానేటి? సేటలోకి సూడు. నాను తీసుకున్నది పిడికెడే. మిగిలిన తవుడంతా అలాగే ఉన్నాది కదా. పిడికెడు మేరకే అమ్మినాను. మిగతాది నాదే."

నేనూరుకుంటానా! "ఇదెక్కడి న్యాయం? బేరమంటే బేరమే. పూర్తిగా అమ్ము, లేదా అమ్మకు."

"నా గుంటడు, నా బేరం. మజ్జిన నువ్వెవులు?"

"కొనుక్కున్నదాన్ని!"

"అయితే వియ్యపురాలివి. తగువాడకపోతే పెళ్ళెలగవుతాది, రాయే, కూకో" అని పీట మీద సగం జరిగింది.

రామినాయుడికి ఇంకా భయం తీరలేదు. "సగం బేరానికి పైవోడు ఒప్పుతాడేటి నూకమ్మా?"

"ఆడు ఆ లెక్క తేల్చుకునే లోపల ఈడు ముసలోడైపోతాడులే" అంది.

అలా పెళ్ళికి అబ్బాయి తరఫున ఒక్కరు కాదు, ముగ్గురు తేలారు. మేం తెచ్చుకున్న చిన్న చేతిసంచిలోకి సీత ఎండబెట్టిన నెత్తళ్ళు చేపలు కుక్కింది. మాధురి ముక్కుకి చున్నీ కట్టుకోవడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

వైశాఖానికి ఇంకా టైముంది. ఇక్కడ గుంటూరులో ఎవరెన్ని కథలు చెప్పుకున్నా నాకు పట్టదు. పిన్నీసు గుచ్చినావిడ, గారెలు పెట్టినావిడ, డబ్బు పుచ్చుకోని గుమస్తా తవుడు, తోటకూర వెతికిన సీత, వీళ్ళెవరికీ నేను ఏమీ కాను. ఏమీ కాని మనిషికి ఇంత చేసిన ఆ రెండు జిల్లాల్ని 'వెనకబడ్డవి' అని ఇక ఎవరన్నా నా ముందు అంటే వాళ్ళ సంగతి చూస్తాను.

నన్ను వదలనిది ఒకటే. ఆటో ఎక్కబోతూ నూకమ్మని అడిగాను. బిడ్డని చేటలో పెట్టిన రోజే తవుడిచ్చి కొనేసుకోవడం కదా ఆచారం, మరి వీడి తల్లి ఎందుకు కొనలేదు? నూకమ్మ కర్ర ఇసుకలో గుచ్చి చెప్పింది: ఏటా తను గంప దించేసరికి ఆవిడ చేటలో తవుడు పోసుకుని గుమ్మంలోకి వచ్చేదట. ఇద్దరూ కూర్చుని గుంటడి ముచ్చట్లు చెప్పుకుని, రాత్రి ఒకే చాప మీద పడుకునేవారట. తెల్లారి నూకమ్మ బయల్దేరేటప్పుడు, "ఈ ఏడు కాదులే నూకాలూ, వచ్చే ఏడు కొంటాను" అని నవ్వి, తవుడు మళ్ళీ లోపలికి పట్టుకుపోయేదట.

"ఎందుకని?" అన్నాను.

"నన్నడుగుతావేటి? సేపలెండిపోతన్నాయి, నానెల్లాల" అని మొహం అటు తిప్పుకుంది.

ముగ్గుర్ని పోగొట్టుకున్న తల్లి నాలుగోవాణ్ణి ఏటేటా పరాయిదాని బిడ్డగానే ఎందుకు ఉంచింది? కొనుక్కుంటే యముడు చూస్తాడని భయమా? తాను ఉండనని ముందే తెలిసి వాడికొక తల్లిని మిగిల్చి పోయిందా? లేక, కొనేస్తే నూకాలు ఇక రాదేమోనని, ఆ ఒక్క రాత్రి చాప మీద చోటు కోసం కొడుకుని బాకీ పెట్టుకుందా?